తీగల్లేని పెట్టె పలికిన రోజు

కార్తీక మాసం రెండో సోమవారం, పగలు పదకొండున్నర. తాడేపల్లిగూడెంలో ఒక బ్లడ్ బ్యాంకు. ముందే చెబుతున్నాను, దయ్యాల మాటెత్తితే నాకు నవ్వొస్తుంది. కొల్లేటి లంకలో పుట్టి, చీకట్లో ఒంటరిగా పడవ నడిపినదాన్ని. ఏ దయ్యమూ నన్ను పలకరించలేదు.

నా కోడలు సుజాత ఏలూరు ఆస్పత్రిలో ఉంది. కాన్పయింది, రక్తం ఆగడం లేదు. అరవై దాటాక నాకు పలక ఇచ్చి అక్షరాలు దిద్దించిన పిల్ల అది. ఓ నెగటివ్ రక్తం కావాలన్నారు. ఏలూరులో దొరకలేదు. ఇక్కడ ఒక్క బ్యాగు ఉందంటే నేనూ మా అబ్బాయి సత్యమూ కారులో వచ్చిపడ్డాం.

బ్యాగు ఫ్రిజ్ అద్దంలోంచి కనబడుతూనే ఉంది. కౌంటరులో ఉన్న పద్మ మాత్రం ఇవ్వనంది.

"లాకైపోయిందండి మామ్మగారూ. నిన్న సాయంత్రం గుండుగొలనులో ఉన్న మా బ్రాంచిలో ఒకాయనకి ఇద్దామని, అక్కడి కంప్యూటర్లో దీన్ని ఆయన పేరున రాయబోయారు. పని సగంలో ఉండగా వాననీళ్ళు కారి ఆ కంప్యూటర్ పోయింది."

"పోతే పోయింది, మాకిచ్చెయ్."

"ఇద్దరికీ ఒకే బ్యాగు రాసినట్టవుద్దండి. నా చేతుల్లో లేదు."

కంప్యూటర్లు చూసే రవి ఫోనులో ఉన్నాడు. నాకు విడమరిచి చెప్పాడు. అవతలి కంప్యూటర్‌తో లైను తెగితే, సగంలో ఆగిన పనిని సర్వర్ రద్దు చేసేస్తుందట, బ్యాగు మళ్ళీ ఎవరిదీ కానట్టు అయిపోతుందట. లైను తెగిందో లేదో తెలియడానికి "ఉన్నావా?" అని అడుగుతూ ఉంటుందట.

అది నాకు ఇట్టే అర్థమైంది. లంకల్లో మంచు కమ్మితే, ఇరుకు కాలవలోకి దూరేముందు మేమూ కేకేస్తాం. ఎవరన్నా పలికితే ఆగుతాం. పలక్కపోతే పడవ పోనిస్తాం.

"ఇది పలుకుతోందండి," అన్నాడు రవి. "రెండుసార్లు నేనే లైను తెగ్గొట్టాను. మళ్ళీ ఆ గుండుగొలను కంప్యూటర్ నుంచే జవాబు."

పద్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. మూలనున్న గోనెసంచి చూపించింది. గుండుగొలను కంప్యూటర్ అందులోనే ఉంది. పొద్దున్నే రిపేరుకని తెచ్చి పడేశారు. తీగల్లేవు. చెయ్యి పెట్టి చూశాను, ఇంకా తడిగానే ఉంది.

ఏలూరు నుంచి మళ్ళీ ఫోను, ఎంతసేపని. సత్యం కూర్చోలేడు, నిలబడలేడు. నేను పద్మని అడిగాను, ఆ బ్యాగు ఎవరి కోసం తీశారని.

"కోటయ్య గారనండి. రక్తం ఎక్కించేలోపే రాత్రి పోయారు."

వెళ్ళి సంచి ముందు కూలబడ్డాను. కాలవ మీద వేసినట్టే గొంతెత్తి కేకేశాను.

"ఓ కోటయ్యా! మా పడవలో బాలింత ఉంది. దారి వదులు నాయనా!"

"అమ్మా, అందరూ చూస్తున్నారే," అన్నాడు సత్యం.

"నోర్ముయ్," అన్నాను.

ఫోనులో రవి ఏవో మీటలు టకటకా నొక్కాడు. తర్వాత, "ఆగిందండి. ఇక పలకట్లేదు," అన్నాడు. పద్మ బ్యాగుకి చీటీ అంటించి ఇచ్చింది.

సుజాత బతికింది. పాప కూడా బాగుంది.

రవి ఆ తర్వాత ఆ సంగతంతా వెతికి చూశాడు. ఆ పెట్టె ఎలా పలికిందో చెప్పలేనన్నాడు. నేనూ చెప్పలేను. దయ్యమని మాత్రం ఇప్పటికీ అనను.

ఆ రోజు అక్కడున్నవాళ్ళు: వెంకమ్మ అనే నేను, నా కొడుకు సత్యం, కౌంటరులో పద్మ, ఫోనులో రవి. ఇంకొక పేరు రాయాలా వద్దా అని చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. రాయకపోతే మనసు ఒప్పుకోలేదు.

కోటయ్య.