బార్ మీదుగా వెళ్లిన బంతి

ఆ ఆదివారం నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. రెండు స్తంభాల మధ్య నుంచి వెళ్లిన బంతిని కళ్లారా చూసి కూడా, బయటికి పోయిందన్నాను. దానివల్ల ఒక మనిషి ఫైనల్ ఆడకుండానే తన దేశం వెళ్లిపోయింది.

ఎనభైల్లో ఒక ఆగస్టు. జెర్సీ సిటీలో మా పై అంతస్తులో నోరా ఉండేది. ఐర్లండ్ నుంచి వేసవికి వచ్చి, వృద్ధుల ఆశ్రమంలో పనిచేస్తూ, శనివారాలు సాకర్, ఆదివారాలు వాళ్ల గేలిక్ ఫుట్‌బాల్ ఆడేది. అక్కడ గేలిక్‌లో జిల్లా జట్టుకీ, సాకర్‌లో దేశం జట్టుకీ ఆడిన మనిషి. దేశం తరఫున ఆడిన చొక్కాని మ్యాచ్ అవగానే తిరిగి ఇచ్చేయాలట. బూట్లు, బస్సు చార్జీలు సొంతానివేనట. "మగవాళ్లకీ అంతేనా?" అని అడిగితే నవ్వేసింది.

మా పన్నెండేళ్ల సుధకి పార్కింగ్ లాట్‌లో బంతి తన్నడం నేర్పింది ఆవిడే. "నోరా ఆంటీ సెమీఫైనల్ నాన్నా. మనం మిస్ అవద్దు" అని సుధ పట్టుబట్టింది.

పదీ నలభైకి నది కింది రైలెక్కాం. మాన్‌హట్టన్‌లో సబ్‌వేకి మారాం. నూట ఇరవై అయిదో వీధి దగ్గర రైలు కాసేపు నేల మీదికి వస్తుంది. వెళ్లేవాళ్లు కిటికీ పక్కన కూర్చోండి. అక్కడే పెరుగన్నం డబ్బా తెరిచాం. ఎదురు సీట్లోని ఐరిష్ ముసలాయన మా ప్రయాణం సంగతి విని, "అయితే మూడింటికి వెళ్లండి. అంతకు ముందు ఆడవాళ్ల ఆటే" అన్నాడు.

"మేం దానికే వెళ్తున్నాం" అంది సుధ.

"అయితే సీట్ల కోసం తొందర లేదులే, తల్లీ."

పన్నెండుంపావుకి బ్రాంక్స్‌లో చివరి స్టేషన్‌లో దిగాం. మైదానం పక్కనే. ఆటగాళ్ల గదులు మగవాళ్ల జట్ల కోసం తాళం వేసి ఉంచారు. ఆడవాళ్లు కార్లలో బట్టలు మార్చుకుంటున్నారు. నలభై నిమిషాల ఆటని ముప్పైకి కోశారు. గోల్ దగ్గర నిలబడే అంపైర్లనైనా పంపలేదు. ఫుట్‌బాల్ తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని రిఫరీ అరిస్తే, "కాలేజీలో మూడేళ్లు ఆడాను" అని గొప్పగా ముందుకెళ్లాను. తెల్లకోటు తొడిగి, రెండు జెండాలు చేతికిచ్చి, అర నిమిషంలో చెప్పాడు: బంతి బార్ కింద నుంచి వెళ్తే గోల్, మూడు పాయింట్లు, ఆకుపచ్చ జెండా, బార్ పైనుంచి, రెండు స్తంభాల మధ్యలోంచి వెళ్తే ఒక పాయింటు, తెల్లజెండా.

చివరి నిమిషానికి స్కోరు సమానం. ఇద్దరిని తప్పించుకుని, నలభై అడుగుల దూరం నుంచి నోరా తన్నింది. బంతి బార్ మీదుగా, సరిగ్గా నడిమధ్య నుంచి నా తల దాటిపోయింది. సాకర్‌లో అది వృథా. పాత అలవాటుకొద్దీ, బయటికన్నట్టు రెండు చేతులూ అడ్డంగా ఊపేశాను. ఊపుతుండగానే తప్పని తెలిసింది.

రిఫరీ పరుగెత్తుకొచ్చి, "వైడేనా?" అని అడిగాడు. గీత అవతల మగవాళ్లు మైదానం ఖాళీ చేయమని కేకలేస్తున్నారు. ఒక్క మాటతో సరిదిద్దగలిగేవాణ్ణి. అంత గొప్పలు చెప్పుకుని, అందరి ముందూ తెలియదని ఒప్పుకోలేక తలూపాను.

అదనపు సమయం ఇవ్వాలి. మగవాళ్ల ఆటకి ఆలస్యమవుతుందని నాణెం ఎగరేశారు. నోరా జట్టు ఓడింది.

తిరుగు రైల్లో సుధ అడిగింది. "నాన్నా, నేను పోస్ట్ వెనకే ఉన్నాను. బాల్ మధ్యలోంచి వెళ్లింది. నువ్వు చూశావు కదా?"

"చూశాను."

"మరి ఆయన ఆస్క్ చేస్తే ఎందుకు చెప్పలేదు?"



బుధవారం ఆఫీసు నుంచి నేరుగా బ్రాంక్స్ వెళ్లాను. ఆరున్నరకి ఒక పబ్ పై గదిలో ఈ ఆటలు నడిపే కమిటీ కూర్చుంది. జరిగింది చెప్పి, మ్యాచ్ మళ్లీ ఆడించమన్నాను. "ఆడవాళ్ల సెమీఫైనల్ కోసం జెర్సీ నుంచి వచ్చారా?" అని ఒకాయన నవ్వాడు.

ఒళ్లు మండింది. "నాణెం ఎగరేసి మగవాళ్ల జట్టునెప్పుడైనా ఇంటికి పంపారా?" అన్నాను. నవ్వు ఆగింది కానీ, ఫలితం మీద రిఫరీ సంతకం అయిపోయింది, ఇక మార్చలేమన్నారు.

గురువారం సాయంత్రం పై అంతస్తుకెళ్లి తలుపు తట్టాను. నేను పొరబడ్డానని నోరాకి తెలుసు. రిఫరీ అడిగినా దాచానని తెలియదు. చెప్పాను.

"ఆయన మిమ్మల్ని అడిగాడా?"

"అడిగాడు."

"మా ఆటలో ఎవరూ ఏదీ అడగరనే ఇన్నేళ్లూ అనుకున్నాను, మిస్టర్ రావ్. ఒక్కసారి అడిగితే, మీరు అబద్ధం చెప్పారు."

ఫైనల్ కోసం ఆగే పని లేక, శనివారమే ఆవిడ విమానం ఎక్కింది. మర్నాడు, ఆవిడ లేని ఫైనల్‌కి, అదే పదీ నలభై రైల్లో వెళ్లి తెల్లకోటు అడిగి తీసుకున్నాను. ఈసారి నియమాలన్నీ చదువుకుని వెళ్లాను. ఆ తర్వాత ఆరు వేసవులు, ఆడవాళ్ల ఆట ఉన్న ప్రతి ఆదివారం వెళ్లాను. వాళ్లకి అంపైర్లని పంపడం మాత్రం ఆ కమిటీకి చివరిదాకా అలవాటు కాలేదు. ఆరేళ్లలో మరో రెండుసార్లు పొరబడ్డాను. రెండుసార్లూ ఆట ఆపించి, చెయ్యెత్తి, తప్పు నాదని చెప్పాను.