రెండు మంచి పళ్ళు

నా నోట్లో కుడివైపు రెండు దవడపళ్ళు లేవు. రెండూ పుచ్చినవి కావు. మొహమాటానికి పోతే కడుపయిందట అంటారు. నాకు పళ్ళు పోయాయి.

నేను సామర్లకోటలో బడిపంతులమ్మని. ఆదివారం మా చర్చిలో పాట ఎత్తుకునేది నేనే. గుడ్ ఫ్రైడే నాడు సిలువ పాట ఒంటరిగా పాడేదీ నేనే. నా బతుక్కి ఉన్న గొప్పల్లా అదొక్కటే. ఆ ఏడు క్రిస్మస్ వెళ్ళాక, నోరు తెరిచినప్పుడల్లా చెవి ముందు టక్కుమనడం మొదలైంది. ఆ తర్వాత నొప్పి.

ఊళ్ళో పళ్ళ డాక్టరు గారు మా సంఘపెద్ద. మా నాన్న పోయినప్పుడు పెట్టెకి భుజం పట్టిన మనిషి. "పన్నేనమ్మా, తీసేద్దాం" అన్నారు. నొప్పి పంటిలో లేదు, చెవి ముందుంది, వేలు పెట్టి చూపించగలను. "మీరెలా అంటే అలాగేనండి" అన్నాను. నెల తిరిగినా తగ్గలేదు. "అయితే పక్కదయ్యుంటుంది" అన్నారు. దానికీ "సరేనండి" అన్నాను. అరగంట నోరు బార్లా తెరిపించి అదీ పీకారు. మర్నాటి నుంచి రెండు వేళ్ళు కూడా పట్టనంతగా నోరు పట్టేసింది.

ఆ గుడ్ ఫ్రైడేకి వేరే అమ్మాయి పాడింది. బాగానే పాడింది, పాపం. నాకు కుళ్ళుతో ఏడుపొచ్చింది. పక్కవాళ్ళు భక్తి అనుకున్నారు.

చివరికి రాజమండ్రి వెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ నా చెవుల ముందు రెండు వేళ్ళు ఆన్చి, మెల్లిగా నోరు తెరవమంది. "ఇది దవడ కీలండి. పళ్ళు బిగించే అలవాటుందా?" అంది. కోపమొస్తే ఇంకేం చేస్తాం, అరుస్తామా? కాపడం పెట్టమంది, మెత్తటి తిండి తినమంది, నిద్రలో పళ్ళకి తొడుక్కోమని ఒక ప్లేటు చేయించింది. పెదాలు కలిసినా పళ్ళు కలవకూడదంది. మునుపట్లా పాడగలనా అంటే, చూద్దామంది. లేస్తుంటే ఆగి అడిగింది: "నొప్పి ఎక్కడో ఆయనకి చెప్పలేదా అండి?"

ఆ ప్రశ్నకి ఆవిడ మీదే కోపం వచ్చింది నాకు.

రెండు నెలలకి నొప్పి తగ్గింది. నోరు సగమే తెరుచుకుంటోంది. ఆయనతో అనాల్సిన మాట వారం రోజులు అద్దం ముందు అనుకున్నాను: మీరు పీకినవి మంచి పళ్ళండి. అంతే, ఒక్క ముక్క. ఆదివారం చర్చి గుమ్మంలో ఆయనే ఎదురొచ్చారు. మొహం చూడగానే నొప్పి తగ్గిందని తెలిసిపోయినట్టుంది.

"చూశావా అమ్మా, ఆ రెండూ తీసేశాక ఎంత హాయిగా ఉందో!"

"మీ దయండి" అన్నాను.

అప్పటికే పళ్ళు గట్టిగా కరుచుకున్నాయి. లోపలికెళ్ళి వెనక వరసలో నిలబడ్డాను. ఆ అమ్మాయి పాట ఎత్తుకుంది. నేను పుస్తకం తెరిచి పెదాలు కదిపాను.