వాలుగ పళ్లు, దాలమ్మ పళ్లు

నూలు చుట్టిన చిలప పూర్తయిన ప్రతిసారీ దాలమ్మ తల కొంచెం ఎడమకు వంచేది. నూలు కొసను ముందరి పళ్ల మధ్య పెట్టి టక్కున కొరికేది. ముప్పై ఏళ్లుగా అంతే. పక్కనే కత్తెర ఉన్నా దాని వైపు చూసేది కాదు.

పొందూరులో ఆమెది రెండు గదుల పెంకుటిల్లు. భర్త చినబాబు ఎకరంన్నర వరి పండిస్తాడు. దాలమ్మ వీధి అరుగు మీద కూర్చుని నూలు వడుకుతుంది. ఆమె తీసే పోగు వేలి మీద వేస్తే ఉన్నట్టు తెలియదు.

పత్తి దువ్వడానికి ఆమె దగ్గర వాలుగ చేప దవడ ఉంది. అక్కడ వడికే ఆడవాళ్లందరి దగ్గరా ఉంటుంది. దాని నిండా సన్నని పళ్లు. గింజ మీది పత్తిని దానితో దువ్వితే చెత్త రాలిపోయి పోగులు తిన్నగా అవుతాయి. వాడగా వాడగా ఆ పళ్లు అరుగుతాయి. అప్పుడు కొత్త దవడ తెచ్చుకోవాలి.

పోయిన వేసవిలో ఒకరోజు నూలు తెగలేదు. మళ్లీ కొరికింది. నలిగిందే తప్ప తెగలేదు. అద్దం తీసి చూసుకుంది. ముందరి పళ్లు పొట్టివయ్యాయి. అంచులు గాజుపెంకుల్లా పలచబడ్డాయి. చన్నీళ్లు తగిలితే జివ్వుమంటోంది.

ఆ రోజు మొదటిసారి కత్తెర తీసుకుంది. రెండు నెలలు కత్తెరతోనే తెంపింది. తల మాత్రం ఎడమకే వంగేది. పళ్లు అరగడం ఆగలేదు.

అయితే తప్పు కొరకడానిది కాదనుకుంది. పత్తిదే. రోజంతా నూగు ఎగిరి నోట్లోకి పోతుంది. చేప పళ్లనే అరగదీసే పత్తికి మనిషి పళ్లొక లెక్కా? పళ్లు కావాలంటే రాట్నం మానాలి.

మానే ముందు చేయగలిగింది చేసింది. ఉప్పూ బొగ్గుపొడీ కలిపి గట్టిగా తోమింది. తెల్లారగట్ల పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్ని ఆమెకు మెలకువ వస్తుంది. చాలా ఏళ్లుగా ఉన్నదే. అందుకే లేవగానే, ఆ పులుపు పోయేదాకా తోమేది.

కార్తీకంలో రాట్నం మీద పాత చీర కప్పేసింది.

“ఏటే, రాట్నానికి సీర కట్టినావు? పెల్లా?” అన్నాడు చినబాబు.

“ఇంక వడకను మావా. పల్లు పోతన్నాయి.”

“పల్లతోటి వడుకుతావేటే నువ్వు? సేతుల్తోటి కదా!”

దాలమ్మ నవ్వలేదు. పక్కింటి ఈశ్వరి రాట్నం పాడైంది. తనది తీసుకెళ్లమని ఆమెకు మాటిచ్చేసింది. ఆ పూటంతా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వాటికి ఏం పని చెప్పాలో తెలియలేదు.

మర్నాడు శ్రీకాకుళం నుంచి కూతురు యమున వచ్చింది. చీర కప్పిన రాట్నాన్ని చూసింది. తల్లి నోరు తెరిపించి చూసింది. వెంటనే బస్సెక్కించింది.

శ్రీకాకుళంలో పళ్ల డాక్టరు పేరు సుహాసిని. దాలమ్మ నూలు కొరకడం, పత్తి నూగు, లేవగానే ఉప్పూ బొగ్గుతో తోమడం అన్నీ చెబితే విని, ఆమె నోట్లో చిన్న అద్దం పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత ఇంకో అద్దం దాలమ్మ చేతికిచ్చింది.

“చూడమ్మా. పళ్లు లోపలి వైపు అరిగాయి, నాలుక తగిలే చోట. వెనక పళ్ల మీద గుంటలు పడ్డాయి. మీ నూలు ఇక్కడిదాకా వస్తుందా?”

“రాదు.”

“పొద్దున్న లేచేసరికి నోరు పుల్లగా ఉంటుందా? గుండెల్లో మంట?”

దాలమ్మ కూతురి వైపు చూసింది. “నువ్వు సెప్పినావేటే?”

“నాకేటి తెల్సు? నాకెప్పుడైనా సెప్పినావా?”

“పళ్లు లోపల అరిగితే మేం మొదట అడిగేది అదే,” అంది డాక్టరు. “కడుపులో ఆమ్లం పైకి వస్తోంది. అది తగిలితే పంటి పైపొర కాసేపు మెత్తబడుతుంది. సరిగ్గా అప్పుడే మీరు ఉప్పూ బొగ్గూ పెట్టి రుద్దుతున్నారు.”

దాలమ్మ మళ్లీ అద్దంలోకి చూసుకుంది. “అయితే పులుపూ తినీసింది, నానూ రుద్దీసినాను.”

“అంతే.”

రాత్రి ఎప్పుడు తింటారని అడిగింది. పనులన్నీ అయ్యాక, తిన్న చెయ్యి ఆరకముందే పడుకుంటానంది దాలమ్మ. పడుకోవడానికి మూడు గంటల ముందే తినమంది డాక్టరు. మంచం తలవైపు ఎత్తు చేయమంది. పులుపు వచ్చినప్పుడు ఉత్త నీళ్లతో పుక్కిలించి, అరగంట దాటాకే మెత్తని బ్రష్షుతో తోమమంది. కడుపు సంగతి చూడ్డానికి వేరే డాక్టరుకు చీటీ రాసింది. అరిగింది మళ్లీ రాదనీ, ఇకమీద అరగకుండా ఆపొచ్చనీ చెప్పింది. లోతైన రెండు గుంటలను వచ్చే వారం పూడుస్తానంది.

దాలమ్మ కుర్చీ దిగలేదు.

“మరి రాట్నం?”

“రాట్నానికేమైంది?”

“తిప్పొచ్చా?”

“తిప్పండి. కొరకడం మాత్రం వద్దు.”

దాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత కొంగు తీసేసి నవ్వింది.

సాయంత్రం వీధి మలుపు తిరిగేసరికి ఈశ్వరి చీరతో సహా రాట్నం ఎత్తుకుని అరుగు దిగుతోంది.

“ఒసే ఈశ్వరీ! దింపే!”

“ఏటప్పా, ఇచ్చీసినావు కదా!”

“ఇచ్చీలేదు. అరువిచ్చినాను.”

“ఎన్నాళ్లకి అరువు? అరుగు దిగిందాకా?”

“నా పల్లు తిన్నది పత్తి కాదటే. నా కడుపే తినీసింది.”

ఈశ్వరి రాట్నం దించింది. “పోనీలే అప్పా. నాకైతే ఇది బరువుగా ఉన్నాది.” నడుం పట్టుకుని నవ్వింది. ఆమె పాత రాట్నాన్ని బాగుచేయించే పని చినబాబు నెత్తిన పడింది.

ఆ రోజు దీపం పెట్టే వేళకే దాలమ్మ అన్నం తినేసింది. చినబాబు మంచం తలవైపు కోళ్ల కింద రెండు ఇటుకలు పెట్టాడు.

“పల్లకీలాగున్నాదే,” అన్నాడు.

మర్నాడు తెల్లారగట్ల పుల్లటి నీళ్లు మళ్లీ వచ్చాయి, కొంచెమే. దాలమ్మ లేచి పెరట్లోకి వెళ్లింది. ఉత్త నీళ్లు పోసుకుని మూడుసార్లు పుక్కిలించింది. యమున కొనిచ్చిన కొత్త బ్రష్షు చేతిలోకి తీసుకుంది. తిరిగి గూట్లో పెట్టేసింది. అరుగు మీదికి వచ్చి రాట్నం మీది చీర తీసి మడత పెట్టింది. అరగంటకు ఎన్ని పత్తి ఏకులు అవుతాయో ఆమె చేతులకు తెలుసు. అవి అయ్యేదాకా వడికింది. తర్వాత లేచి పళ్లు తోముకుంది, మెల్లగా.