రోజాకు నేనిచ్చిన వాదం

ఇన్నేళ్లుగా ఈ మాటను మోస్తూనే ఉన్నాను. దించుకునే చోటు దొరకలేదు. మీరు నన్నెరగరు, అందుకే మీకు చెబుతున్నాను.

సారపాకలో మా చర్చి వెనక గదిలో, శనివారం సాయంత్రాలు, పదో తరగతి, ఇంటర్ పిల్లలకు పడమటి దేశాల ఆలోచనల చరిత్ర చెప్పేవాణ్ణి. గ్రీకుల నుంచి దేవుణ్ణి కాదన్నవాళ్ల దాకా, అంతా విశ్వాసి కళ్లతో. సగం పాఠం పిల్లలకు అర్థమయ్యేది కాదు. మిగతా సగం నాకు. ఒక పద్ధతి పెట్టాను. ప్రతివారం ఒకరు నమ్మనివాళ్ల పక్షాన కూర్చొని, నిజంగా నమ్మనట్టే వాదించాలి. చివర నేను జవాబు చెప్పాలి.

ఆ వారం రోజాకు ఇచ్చాను. మర్నాడే బాప్తిస్మం తీసుకోవాల్సిన పిల్ల. అంతకు ముందటేడు జ్వరంతో పోయిన తమ్ముణ్ణి వాదంలోకి తెచ్చింది.

"అందరం మోకాళ్ల మీద అడిగినం. వినేటోడే ఉంటే ఎందుకు ఊకున్నడు?"

జవాబు కోసం నా నోట్సు తిరగేశాను. తల తిప్పితే గుమ్మంలో పాస్టరుగారు, పక్కన కూతుర్ని తీసుకెళ్లడానికొచ్చిన రోజా నాన్న.

"ఇదేనా మాస్టారూ మీరు నేర్పేది?" అన్నారు పాస్టరుగారు.

రోజా నవ్వుతూ నావైపు తిరిగింది. "సారే చెప్పమన్నరు అయ్యగారూ. ఇయ్యాల నా వంతు, గంతే."

అవ్ అంటే సరిపోయేది.

"నేను గట్ల చెప్పమనలేదమ్మా" అన్నాను.

ఎందుకన్నాను? ఉద్యోగం పోతుందనా? జీతమే లేని పని. నా విశ్వాసాన్ని శంకిస్తారనా, లేక జవాబు లేని మాస్టారుగా పిల్లల ముందు దొరికిపోయానన్న ఉక్రోషాన్ని ఆ పిల్ల మీదకు తోసేశానా? తత్వం బోధించేవాణ్ణి. నా తత్వమేమిటో ఆ గదిలో తేలిపోయింది.

బాప్తిస్మం ఆపేశారు. పిల్ల మనసు ఇంకా సిద్ధపడలేదన్నారు. నేనూ తల ఊపాను. ఆ ప్రశ్న వాదం కోసం వేసిందో, నిజంగా తనదో, ఎన్నడూ అడగలేదు. తర్వాత ఆమె చర్చికి రాలేదు. తండ్రి ఆమెతో మాట్లాడటం మానేశాడని విన్నాను. తరగతి మాత్రం నడిపాను, ఎదురు ప్రశ్నలు వేసే వంతు తీసేసి.

మొన్న వాళ్ల నాన్నను సమాధి చేసినప్పుడు రోజా వచ్చింది. ప్రార్థనలో అందరూ తల వంచితే, ఆమె మట్టికేసి చూస్తూ నిలబడింది. వెళ్లేటప్పుడు "బాగున్నరా సార్" అని పలకరించింది. బాగున్నానన్నాను. కొడుకు చావును చూపించి కూతురు దేవుణ్ణి దూషించిందని నమ్ముతూనే ఆయన పోయాడు. నిజం చెప్పడానికి ఇన్నేళ్లూ ఆయన మా వీధి చివరే ఉన్నాడు.

నమ్మనిదానిలా మాట్లాడమన్నది నేనే. బాగా మాట్లాడమన్నదీ నేనే. ఈ రెండు వాక్యాలు ఇవాళ రాయగలిగాను.