అడ్మిషన్ల వేసవి

నాకేం కావాలో మా ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మకు తెలుసు, నాన్నకు తెలుసు, పండక్కో పబ్బానికో వచ్చిపోయే మేనత్తకు కూడా తెలుసు. ఇంటర్‌లో ఎంపీసీ కావాలి, తర్వాత ఇంజనీరింగ్ కావాలి, ఆ తర్వాత నీడపట్టున కూర్చుని చేసే ఉద్యోగం కావాలి. వాళ్ళు అంత గట్టిగా చెబుతుంటే మళ్ళీ నన్ను వేరే అడగాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు. నాకూ కనిపించలేదు.

మాది నడికుడి. నాన్న లారీ డ్రైవరు. లారీ ఆయనది కాదు, షావుకారుది. క్వారీల నుంచి నాపరాళ్ళు, ఫ్యాక్టరీల నుంచి సిమెంటు ఎక్కించుకుని ఎటు పొమ్మంటే అటు వెళ్ళేవాడు. ఇంటికి వచ్చినప్పుడు వాకిట్లో ఆపితే నేను క్యాబిన్‌లోకి ఎక్కబోయేదాన్ని. ఆయన రెక్క పట్టుకుని కిందికి దించి, "నీకెందుకే ఇది? పో, పోయి పుస్తకం తియ్యి" అనేవాడు. నేను పోయి పుస్తకం తీసేదాన్ని. చెప్పిన మాట వింటుందని వీధిలో నాకు మంచి పేరుండేది.

పదో తరగతి అవగానే విజయవాడ హాస్టల్లో చేర్పించారు. అక్కడ లేవడానికి బెల్లు, తినడానికి బెల్లు, చదవడానికి బెల్లు. ఆకలేసి అన్నం తిన్నానా, బెల్లు మోగిందని తిన్నానా అనేది రెండేళ్ళలో ఒక్కసారీ ఆలోచించలేదు. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు అమ్మ "ఆకలేస్తందా?" అని అడిగితే నేను గోడ గడియారం వంక చూసేదాన్నట. అమ్మ ఇప్పటికీ చుట్టాలందరికీ గొప్పగా చెబుతుంది. అంత క్రమశిక్షణ నేర్పారని.

మార్కులు బాగానే వచ్చాయి. నరసరావుపేటలో ఇంజనీరింగ్ చదివాను. ఆ చదువుకు తగ్గ ఉద్యోగం రాలేదు. అదే ఊళ్ళో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాళ్ళు కావాలంటే వెళ్ళాను. ప్రిన్సిపాల్ గారు "టీచింగ్ ఫీల్డే ఎందుకు ఎంచుకున్నారమ్మా?" అని అడిగారు.

"ఇక్కడ ఖాళీ ఉందన్నారు సార్" అన్నాను.

ఆయన సంతోషించి చేర్చుకున్నారు. పాఠం బాగానే చెప్పేదాన్ని. పిల్లలు తిట్టుకునేవాళ్ళు కాదు. అమ్మ సంబంధాలు చూడటం మొదలుపెట్టి, "మా అమ్మాయి లెక్చరరు" అని ఫోన్లో చెప్పేటప్పుడు గొంతు కొంచెం పెంచేది. ఏ లోటూ లేదు. అన్నీ అనుకున్నట్టే జరిగాయి. అనుకున్నది నేను కాదన్న సంగతి ఒక్కటే మిగిలింది, అది కూడా అప్పటికి నాకు తెలియదు.

మా కాలేజీలో ఎండాకాలం వస్తే లెక్చరర్లకు పాఠాలుండవు, అడ్మిషన్ల పని ఉంటుంది. ఇద్దరిద్దరు చొప్పున కాలేజీ బండిలో ఊళ్ళ మీద పడి, పదో తరగతి రాసిన పిల్లలున్న ఇళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి, మా కాలేజీలో చేర్పించమని తల్లిదండ్రులను బతిమాలాలి. నాకు జతగా ఫిజిక్స్ సార్‌ను వేశారు. ఆయన చాలా ఏళ్ళుగా ఆ పని చేస్తున్న మనిషి. గడప దాటుతూనే "మీ ఇంట్లో ఇంజనీరు కళ కనిపిస్తోందండీ" అనేవారు. గొడ్లపాకలో కూర్చోబెట్టి మాట్లాడిన ఇంట్లోనూ అదే మాట అన్నారు.

మేం మాచర్ల వైపు బయలుదేరాల్సిన పొద్దున కాలేజీ బండి డ్రైవరుకు పచ్చకామెర్లని కబురొచ్చింది. ప్రిన్సిపాల్ గారు స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చి "ఎవరికైనా ఫోర్ వీలర్ లైసెన్స్ ఉందా?" అన్నారు. నేను చెయ్యెత్తాను. నడపాలన్న కోరికతో ఎత్తలేదు. ఎవరైనా ప్రశ్న అడిగి దానికి జవాబు నా దగ్గరుంటే చెయ్యి దానంతటదే లేస్తుంది, అలా పెంచారు. లైసెన్సు తీసుకోవడం కూడా గుర్తింపు కార్డుగా పనికొస్తుందనే. తోటి మేడమ్‌లంతా డ్రైవింగ్ స్కూల్లో చేరుతుంటే వాళ్ళతోపాటు చేరాను.

కాలేజీ గేటు దాటేలోపు బండి రెండుసార్లు ఆగిపోయింది. ఫిజిక్స్ సార్ సీట్ బెల్టు పెట్టుకున్నారు. ఆయన్ని ఎక్కించుకున్న ఏ డ్రైవరూ ఆ దృశ్యం చూసి ఉండడు. పిడుగురాళ్ళ దాటేసరికి నాకు గేర్లు చేతికొచ్చాయి. గురజాల వచ్చేసరికి సార్ నిద్రపోయారు. దాన్ని నేను మెప్పుగా తీసుకున్నాను.

రెంటచింతల ఇవతల ఒక చిన్న రోడ్డులో ఎదురుగా నాపరాళ్ళ లారీ వచ్చింది. పక్కకు తప్పుకుందామంటే అటు మిరప చేను, ఇటు కాలువ. లారీ వెనక్కి పోలేదు. నేనే పోవాలి. అద్దంలో చూసుకుంటూ మలుపు దాకా వెనక్కి నడిపి, ఒక కల్లం ముందున్న ఖాళీలోకి తిప్పి ఆపాను. లారీ వెళ్ళిపోయింది. ఆ డ్రైవరు చెయ్యి కొంచెం పైకెత్తాడు, అంతే. నాకు ఒంట్లో ఎక్కడో బరువు దిగినట్టయింది. యూనివర్సిటీ వాళ్ళు డిగ్రీ పట్టా ఇచ్చిన రోజు అలా అనిపించలేదు. ఆ రోజు ఫోటో ఎలా వస్తుందో అనే ఆలోచించాను.

తర్వాత రోజుల్లో ఒకటి గమనించాను. ఊరు దగ్గరపడే కొద్దీ నా స్పీడు తగ్గేది. బండి దిగి ఇంట్లోకి వెళ్ళి ఎంపీసీ గురించి చెప్పాలంటే కాళ్ళు కదిలేవి కావు. మళ్ళీ బండి దగ్గరికి వచ్చేటప్పుడు మాత్రం నేను ముందు, ఫిజిక్స్ సార్ వెనక. "మేడమ్ గారికి పని మీద శ్రద్ధ ఎక్కువ" అని ఆయన ప్రిన్సిపాల్‌కు ఫోన్లో చెప్పారు.

మాచర్ల దగ్గర ఒక పల్లెలో మంచి మార్కులొచ్చిన అమ్మాయి ఉందని తెలిసి వెళ్ళాం. వరండాలో వాళ్ళమ్మ ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. అమ్మాయి స్తంభానికి ఆనుకుని నిలబడింది. ఫిజిక్స్ సార్ ఇంజనీరు కళ కనిపించిందని చెప్పి, హాస్టలు గురించి, స్టడీ అవర్ల గురించి చెప్పారు. తల్లి అన్నీ విని "మీరెట్టా చెబితే అట్టానే సార్. మాకేం తెలుసు" అంది.

మా పద్ధతిలో చివరగా పిల్లను కూడా ఒక మాట అడగాలి. అది నా వంతు. "నీకేం కావాలమ్మా?" అన్నాను. ఈ ప్రశ్నకు పిల్లలు ఇంజనీరో డాక్టరో అంటారు, మేం చప్పట్లు కొడతాం. ఈ పిల్ల వాళ్ళమ్మ వంక చూసింది.

"చెప్పవే, మేడమ్ అడుగుతుంటే" అంది తల్లి.

"నాకు తెలవదు మేడమ్" అంది పిల్ల. నా వంక తిరిగి, "మీకు తెలుసా?" అంది.

ఎదురు ప్రశ్నలా అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నాకు లెక్కలంటే ప్రాణమని చెప్పాలి. మాకిచ్చిన ట్రైనింగ్‌లో ఆ వాక్యం ఉంది. నోరు తెరిచాను.

"నాకు బండి తోలడం ఇష్టం" అన్నాను.

తొడిమలు తీసే చెయ్యి ఆగిపోయింది. ఫిజిక్స్ సార్ మంచినీళ్ళు అడిగారు.

"మరి లెక్చరర్ ఎందుకైనావమ్మా?" అంది తల్లి. వెటకారం లేదు ఆ గొంతులో. పక్కింటి పిల్లను అడిగినట్టే అడిగింది.  ఆ అడ్మిషను మాకు రాలేదు.  దారిలో సార్ "మీకు ఎండదెబ్బ తగిలినట్టుందమ్మా, మజ్జిగ తాగుదాం" అన్నారు. తాగాం. మజ్జిగ తాగాక కూడా నాకు బండి తోలడమే ఇష్టంగా ఉంది.

డ్రైవరుకు కామెర్లు తగ్గాయి. కాలేజీ తెరిచారు. నేను మళ్ళీ బోర్డు ముందు నిలబడ్డాను. ఆ ఏడు నన్ను నేను చాలా అనుమానించాను. పాఠం చెప్పడం విసుగొచ్చి బండి మీద మనసు పోయిందా? ఎవరూ చేయని పని చేస్తే నలుగురూ చూస్తారన్న ఆశా? చిన్నప్పటి నుంచి నాకిష్టమని చెప్పుకున్నవన్నీ తిరగేసి చూసుకున్నాను. లెక్కలు ఇష్టం, ఎందుకంటే మార్కులొచ్చేవి. మార్కులు ఇష్టం, ఎందుకంటే నాన్న మొహం వెలిగేది. ఒక్కోదాని వెనకా ఎవరో ఒకరు నిలబడి తలూపుతున్నారు. రెంటచింతల రోడ్డు మీద బండి వెనక్కి నడిపినప్పుడు ఎవరూ తలూపలేదు. చూడాల్సిన ఒక్క మనిషి, ఫిజిక్స్ సార్, నిద్రపోతున్నారు. ఈ తేడా తట్టినప్పుడు భయమేసింది. ఇన్నేళ్ళలో నాకంటూ ఏర్పడ్డ మొదటి ఇష్టం ఇదేనా అనిపించింది.

నడికుడిలో మా పక్కింటాయనకు ఒక బొలెరో పికప్ ఉంది. నేను ఆయన్ని బాబాయ్ అంటాను. రైతుల మిరపకాయ టిక్కీలు, అంటే బస్తాలు, గుంటూరు మిర్చి యార్డుకు చేరవేసేవాడు. ఆ బండి డ్రైవరు పని మానేసి హైదరాబాద్ వెళ్ళిపోయాక అది వాకిట్లోనే ఉండేది. ఆదివారాలు ఇంటికి వెళ్ళినప్పుడు తాళం అడిగాను. "తోలుకో అమ్మాయ్, నిలబెడితే బ్యాటరీ పోద్ది" అన్నాడు. మొదట ఖాళీ బండి నడిపాను, తర్వాత వాళ్ళ చేలోకి ఎరువు బస్తాలు తీసుకెళ్ళాను. బరువుతో నడపడం వేరని తెలిసింది. బ్రేకు ముందే ఆలోచించుకోవాలి. ఎన్ని ఆదివారాలు నడిపినా ఇష్టం పోలేదు. అప్పుడు నాన్నకు చెప్పాను.

నాన్న అప్పటికి నడుము నొప్పితో లారీ మానేశాడు. నులక మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

"ఉద్యోగం మానేసి బాబాయ్ బండికి డ్రైవరుగా పోతా నాన్నా."

ఆయన లేచి కూర్చున్నాడు. ఆ నడుముతో అంత తొందరగా లేవడం నేను చూడలేదు.

"ఏందే నువ్వనేది?"

మళ్ళీ చెప్పాను.

"నేను ఆ స్టీరింగ్ పట్టుకుని సచ్చింది దేనికి? నువ్వు పట్టకూడదని. ఎండలో, వానలో, యాడంటే ఆడ తిని, యాడంటే ఆడ పడుకుని... నీ చేతిలో చాక్‌పీసు పెట్టడానికి నా నడుం పోయింది గదే!"

అందులో ఒక్క అబద్ధం లేదు. అందుకే నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద కోపమొస్తే సులువుగా ఉండేది. కళ్ళు తుడుచుకుని అడిగాను.

"లారీ తోలేటప్పుడు నీకు కష్టంగా ఉండేదా నాన్నా?"

"ఉండదా మరి?"

"తోలేటప్పుడు?"

 మోకాలి మీది లుంగీ సర్దుకున్నాడు.

"తోలేటప్పుడు ఏముంటది. రోడ్డు పోతా ఉంటది. దిగినాకే అన్నీను. షావుకారు, పోలీసోళ్ళు, లోడింగోళ్ళు... తోలినంతసేపూ బాగానే ఉండేది." వాకిలి వంక చూశాడు. "ఇది నన్నెవరూ అడగలా."

లోపల్నుంచి అమ్మ, "అడిగి చెడగొట్టింది చాల్లే. వచ్చే వారం పెళ్ళివాళ్ళు వస్తన్నారు" అంది.

నాన్న ఒప్పుకోలేదు. కాదని కూడా మళ్ళీ అనలేదు. మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత చాలా రోజులు నాతో అమ్మ ద్వారానే మాట్లాడాడు. పెళ్ళివాళ్ళు వచ్చారు, విషయం విన్నారు, పకోడీలు బాగున్నాయని చెప్పి వెళ్ళారు.

సిలబస్ పూర్తి చేసి, పిల్లలకు రివిజన్ చేయించి, మిరప కోతలు మొదలయ్యే సమయానికి రాజీనామా ఇచ్చాను. ప్రిన్సిపాల్ గారు చదివి తలుపు దగ్గరికి వేశారు.

"నిజం చెప్పండి. ఏ కాలేజీకి వెళ్తున్నారు?"

"కాలేజీకి కాదు సార్. బండి తోలతాను."

"ఏ కాలేజీ బండి?"

మిరపకాయల బండి అని చెప్పాను. ఆయన నమ్మలేదు. ఎదురు కాలేజీ వాళ్ళు నాకేదో పెద్ద పోస్టు ఇచ్చారనే ఆయన ఇప్పటికీ అనుకుంటున్నట్టు ఫిజిక్స్ సార్ చెప్పారు.

ఇప్పుడు కోతల కాలమంతా నడికుడి నుంచి గుంటూరుకు నడుపుతున్నాను. మిగతా కాలంలో ఎరువులు, సిమెంటు, ఎవరైనా ఇల్లు మారితే సామాన్లు. ఇదేమీ స్వర్గం కాదు. యార్డులో మిరప ఘాటుకు దగ్గి దగ్గి గొంతు పోతుంది. దారిలో ఆడవాళ్ళకు బాత్రూములుండవు కాబట్టి నీళ్ళు తాగడానికి కూడా లెక్క చూసుకోవాలి. టైరు పంచరయితే సాయానికి వచ్చేవాళ్ళకంటే నిలబడి చూసేవాళ్ళు ఎక్కువ. కొన్ని రోజులు తెల్లారి లేవబుద్ధి కాదు. ఇష్టమైన పనికి కూడా బద్ధకం ఉంటుందని ఎవరూ చెప్పలేదు. సాయంత్రాలు వీధిలో పిల్లలకు లెక్కలు చెబుతాను. మార్కుల గొడవ లేకుండా చూస్తే అవీ అంత చెడ్డవి కావు.

మొన్నామధ్య టిక్కీలు దించడానికి నాతోపాటు బండిలో వచ్చే మనిషికి జ్వరం వచ్చింది. ఒక్కదాన్ని పంపనని అమ్మ పట్టుబట్టి నాన్నను ఎక్కించింది. ఆయన నడుముకు దిండు పెట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. పిడుగురాళ్ళ దాకా పలకలేదు. అక్కడి నుంచి మొదలుపెట్టాడు. క్లచ్ మీద కాలు ఎందుకుంచావు, ఆ బస్సుకు సైడు ఎందుకిచ్చావు, ఆ గుంత కనపడలేదా. సత్తెనపల్లి దాకా ఊపిరి తీసుకోకుండా తిట్టాడు. నడుము నొప్పి మాట ఒక్కసారీ ఎత్తలేదు.

సత్తెనపల్లిలో టీకి ఆగాం. పాత లారీ డ్రైవరొకాయన నాన్నను గుర్తుపట్టి పలకరించాడు.

"ఏందన్నా, చానాళ్ళకు! ఎవరీ అమ్మాయి?"

"మా అమ్మాయి. లెక్చరరు" అన్నాడు నాన్న. "సెలవులో ఉంది."

ఆయన నా చేతిలో తాళం వైపు, బండిలో టిక్కీల వైపు చూశాడు. మంచిదన్నాడు. నేను టీ తాగాను. నాన్న తన గ్లాసు పక్కన పెట్టి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక టైర్లను కాలితో తన్ని చూసుకుని వచ్చి ఎక్కాడు.

"లోడుతో ఉన్నప్పుడు సెకండ్‌లో లేపుతావేందే? ఫస్ట్ వెయ్యి" అన్నాడు.

వేశాను.