మావ పారేయని ఫోల్డర్

ఆ రోజుల్లో, అంటే రాజులూ కోటలూ ఉన్న రోజులు కావు, నేను డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో ఫ్యాను కింద ఖాళీగా ఉన్న రోజుల్లో, పలాసలో ఒక మహాసంగ్రామం జరిగింది. ఒకవైపు నేను, మరోవైపు కంటికి కనపడని శత్రువు. వీరగాథ రాద్దామనే కూర్చున్నాను. నిజానికి అది లేబుల్ ప్రింటర్ గొడవ.

మా అమ్మ తమ్ముడికి, అంటే మా మావకి, అక్కడ చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. అందులో ఏదీ పారేయరు. జీడిపిక్కల తొక్క నూనె తీసేవాళ్ళకి పోతుంది, విరిగిన ముక్కలు మిఠాయి కొట్లకి పోతాయి, పప్పు మీది పొట్టుకి కూడా ఎవరో ఒకరు బస్తా పట్టుకొస్తారు. (అక్కడ పారేసేది నా సలహాలొక్కటే.) అలాంటి మావకి మొదటిసారి విశాఖపట్నం నుంచి పెద్ద దుకాణం ఆర్డరు వచ్చింది. తాము చెప్పిన తీరు లేబుల్ లేకపోతే డబ్బాలు దించుకునేది లేదన్నారు వాళ్ళు. ఆ లేబుల్ మావ పాత ప్రోగ్రాంలో రాదు. లారీ సాయంత్రం కదలాలి. కొత్త వెర్షన్ వేయడానికి కంప్యూటర్ నిపుణుణ్ణి, అంటే ఖాళీగా ఉన్న మేనల్లుణ్ణి, పిలిపించాడు.

పాతది తీసి కొత్తది వేశాను. తెరవగానే 'సెట్టింగులు చదవడం కుదరలేదు' అని మూసుకుపోయింది. నేను బెదరలేదు. పాత ప్రోగ్రాం ఇల్లు ఖాళీ చేసినా తన సెట్టింగుల ఫోల్డర్ వదిలిపోయింది, కొత్తది దాన్ని చదవబోయి తడబడుతోంది. ఫోల్డర్ డిలీట్ చేశాను. నమూనాకి చక్కగా ఒక లేబుల్ వచ్చింది. కాలరెగరేసి టీకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మళ్ళీ అదే మాట, ఫోల్డర్ యథాస్థానంలో ఉంది. మళ్ళీ తీసేసి డబ్బాలు సర్దడానికి వెళ్ళొస్తే మళ్ళీ ప్రత్యక్షం.

"ఏటి బాబూ, ఇది కదుల్తాదా, నన్ను పడుకోమంటావా?" అన్నాడు లారీ డ్రైవరు.

"వైరస్," అన్నాను గంభీరంగా. "చాలా అరుదైన రకం."

మావ ముఖం వాడిపోయింది. "మొదటి సరుకే అందకపోతే ఆళ్ళు మళ్ళీ పిలవర్రా."

ఈసారి ఫోల్డర్ డిలీట్ చేసి, డబ్బాల వెనక నక్కాను. కాసేపటికి మావ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, కుర్చీలో కూర్చుని, రీసైకిల్ బిన్ తెరిచాడు. (పొరపాటున పోయిన ఫైలు అందులోంచి వెనక్కి తెచ్చుకోవడం ఆయనకి నేర్పింది నేనే. నా దగ్గర ఏదైనా నేర్చుకున్న మనిషి ఆయనొక్కడే.)

"ఏటి మావా సేత్తన్నావు?"

"నువ్వు సెత్తబుట్టలో పడీసినావు గదరా. తీసి లోపలెట్టీసినాను. మన పాత సరుకు, ఎందుకు పారీడం?"

"దానివల్లే లేబుల్ రావట్లేదు మావా."

మావ స్క్రీన్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "అయితే నువ్వన్న వైరస్సు నేనేనేటి?"

సంధి కుదిరింది. ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తే మావ చొక్కా జేబులో వేసుకున్నాడు. అప్పుడు తీయనిచ్చాడు. లేబుళ్ళు వచ్చాయి, చీకటి పడకముందే లారీ కదిలింది.

ఇప్పుడు టెక్కలిలో నాకో కంప్యూటర్ కొట్టుంది. 'అరుదైన రకం' అంటూ గడ్డం సవరించుకున్న ఆ కుర్రాడు అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. అంత ధీమా ఇప్పుడు నాకెక్కడిది? (అప్పటికింకా వాడికి గడ్డం కూడా సరిగా రాలేదు.) వాడి వీరగాథలో మిగిలిందల్లా ఇంతే: పాత ఫోల్డర్ తీసేశాక రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయాలి.