రెండో రాజుగారి పద్యం

మా ఇంటిపేరు చెబితే గుర్తుపట్టేవాళ్ళు ఈ దేశంలో ఎవరూ లేరు. మా జిల్లాలోనూ ఇప్పుడు పెద్దగా లేరు. మా నాన్న పుట్టేనాటికే భూములు సగం పోయాయి. నేను పుట్టేనాటికి మిగతా సగం కూడా పోయింది. అయినా నడుము వంచి మాట్లాడటం మా ఇంట్లో ఎవరికీ నేర్పలేదు. అమెరికాలో, హెర్న్‌డన్ అనే ఊళ్ళో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ఇన్నేళ్ళలో ఎవరినీ ఏదీ అడిగి పుచ్చుకోలేదు, పొరపాటయిందని కూడా ఎవరికీ చెప్పుకోలేదు. గొప్ప కోసం చెప్పటం లేదు. తర్వాత జరిగిన దానికంతటికీ మూలం అదే.

ఆస్తిలో నా వంతుకు వచ్చింది ఒక క్యాసెట్. మా తాతగారికి నాటకాల పిచ్చి. సొంత ఖర్చుతో నాటక సమాజం నడిపారు. రాజ్యం పోగొట్టుకుని కాటికాపరి అయిన రాజు కథ ఆడినప్పుడల్లా రాజు వేషం ఆయనదేనని మా నాన్న చెప్పేవారు. ఒక ప్రదర్శనను ఎవరో స్పూల్ టేపు మీద రికార్డు చేశారట. అందులోంచి ఒక ముక్కను మా నాన్న క్యాసెట్‌లోకి ఎక్కించుకున్నారు. అది మైకులో మా తాతగారి పేరుతోనే మొదలవుతుంది. వెంటనే జనం గోల, వన్స్ మోర్ కేకలు. ఆ తర్వాత, అన్నీ పోయిన రాజు కాటిలో నిలబడి పాడే పద్యం. రాగం చివర ఊపిరి అయిపోయిందని మనం అనుకున్న చోట ఆ గొంతు ఇంకొక మెట్టు ఎక్కుతుంది. చిన్నప్పటి నుంచీ ఆ మెట్టు దగ్గర నాకు ఒళ్ళు జలదరించేది. ఆ గొంతు మాది అనుకునేవాణ్ణి. మాకు మిగిలింది అదేనని కూడా అనుకునేవాణ్ణి.

క్యాసెట్‌కు బూజు పడుతుంటే దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాను. శబ్దాలు తుడిచే సాఫ్ట్‌వేర్ కొని జనం కేకలు, మైకు గరగర అంతా తీసేశాను. పేరు ఉంచాను, పద్యం ఉంచాను. ఆ పనిలో టేపు తెగిపోయింది. శుభ్రమైన కాపీ ఉంది కదా అని దాన్ని చెత్తలో వేశాను. తర్వాత ఆ పద్యాన్ని ఒక వీడియో సైట్‌లో పెట్టి, కింద తాతగారి పేరు రాసి, సర్వహక్కులూ మా కుటుంబానివని ఇంగ్లీషులో హెచ్చరిక కూడా తగిలించాను. ఇక్కడి తెలుగు సంఘం ఉగాది సభలో ఏటా దాన్ని వినిపించేవాళ్ళు. అది మొదలవగానే నేను వేదిక పక్కన చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి.

హక్కుల మీద నాకు మొదటి నుంచీ ఇంత పట్టింపు ఉందని చెబితే అబద్ధం. ఎవరో స్కాన్ చేసిన పుస్తకాలు, ఎక్కడి నుంచో వచ్చిన సినిమాలు మా ఫోన్ గ్రూపులో పదిమందికీ పంచిన వాళ్ళలో నేనూ ఉన్నాను. రచయిత బతికే ఉన్నాడు కదా అని ఒకాయన అంటే, విద్య అందరిదీ అని పెద్ద వ్యాసమే రాశాను.

ఇంతలో అక్కడ, మన రాష్ట్రంలో ఎన్నికలు వచ్చాయి. ఓటు అక్కడయినా గొడవ ఇక్కడే ఎక్కువ. గుడి పార్కింగులో కార్లకు జెండాలు కట్టుకుని ఊరేగింపులు, ఒకే పెళ్ళిలో రెండు పార్టీలకు రెండు వైపులా టేబుళ్ళు. మా పార్టీ కుర్రాళ్ళు తమ ర్యాలీ వీడియోకు నా పద్యం తగిలించారు. నన్ను అడగలేదు. నేనూ ఏమీ అనలేదు. పైగా 'మా తాతగారి గొంతు' అని రాసి అందరికీ పంపాను.

ఫలితాల్లో మా పార్టీ ఓడింది. మర్నాడే ఇంకో వీడియో వచ్చింది. మా నాయకుడి బొమ్మకు కిరీటం పెట్టి, ఆ కిరీటం మెట్ల మీద దొర్లుతూ పోతుంటే వెనక అదే పద్యం. నిజం చెప్పాలంటే బాగా చేశారు. మా ఆవిడ చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. చేసింది ఇక్కడికి దగ్గర్లోని యూనివర్సిటీలో ఎం.ఎస్. చదువుతున్న అమ్మాయి.

నా హక్కులకు భంగం కలిగిందని సైట్‌కు రాస్తే వీడియో తీసేశారు. ఆ అమ్మాయి ఊరుకోలేదు. ఆ పద్యం తమ కుటుంబానిదని, తన వీడియో తిరిగి పెట్టాలని సైట్‌కు రాసింది. నా తాత గొంతు తనదంటుందా అని నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె చదివే యూనివర్సిటీ పేరు ఆమె పేజీలోనే ఉంది. అక్కడి ఆఫీసుకు ఫిర్యాదు రాశాను. మీ విద్యార్థిని మీ నెట్‌వర్క్ వాడుకుని పరుల సొత్తు దొంగిలించింది, పైగా తనదని అబద్ధం చెప్పింది అని. ఆమె వచ్చింది స్టూడెంట్ వీసా మీద. అలాంటి పిల్లల మీద క్రమశిక్షణ కేసు పడితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. నేనూ అలాగే వచ్చాను కనుక. తెలిసే రాశాను. సరైన చోట తగలాలనే రాశాను.

విషయం తెలిసి మా సంఘం ప్రెసిడెంట్ ఫోన్ చేశాడు.

"అన్నా, చిన్నపిల్ల. వీడియోలు చేసుకుంటది, పోతది. యూనివర్సిటీ దాకా ఎందుకు పోయినవ్?"

"చిన్నపిల్ల అయితే పెద్దల సొమ్ము జోలికి రాకూడదు."

"సరే, ఆదివారం పొద్దున గుడి క్యాంటీన్‌కి రా. ఆమెను కూడా రమ్మన్న. నాకోసం రా అన్నా."

వెళ్ళాను. క్షమాపణ చెప్పించుకోవటానికి వెళ్ళాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్ళాను.

ఆ అమ్మాయి అప్పటికే ఒక మూల టేబుల్ దగ్గర కూర్చుని ఉంది. ముందు ఇడ్లీ ప్లేటు ముట్టుకోకుండా ఉంది. నేను రాగానే లేచి నమస్కారం పెట్టింది.

"అంకుల్, వెన్స్‌డే నాకు హియరింగ్ ఉంది. వీసాలు చూసే ఇంటర్నేషనల్ ఆఫీస్ వాళ్ళు కూడా కూర్చుంటారంట. అది తెలుసా మీకు?"

"వీడియో చేసేముందు ఆలోచించాల్సింది."

"మీ వాళ్ళ ర్యాలీ వీడియోలో ఇదే పద్యం పెట్టుకున్నారు. అప్పుడు కాపీరైట్ గుర్తు రాలేదా?"

"అది గౌరవంగా వాడారు."

"అంటే మీ పార్టీని పొగిడితే ఫ్రీ. తిడితే కాపీరైట్. అంతేగా?"

ప్రెసిడెంట్‌కు నవ్వొచ్చి, కాఫీ కప్పు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"చూడమ్మా," అన్నాను, "ఆ గొంతు మా తాతగారిది. మైకులో పేరు కూడా చెప్పారు. నీకు వినపడలేదేమో."

"పేరు వినపడింది అంకుల్. ఆ పేరుకు ముందు ఏముందో మీరు విన్నారా?"

"ముందు ఏమీ లేదు. టేపు అక్కడే మొదలవుతుంది."

"మీ టేపు అక్కడ మొదలవుతుంది. మాది మొత్తం ఉంది."

లాప్‌టాప్ తెరిచి, గ్లాసులూ ప్లేట్లూ చప్పుడవుతుంటే వాల్యూమ్ పూర్తిగా పెంచింది. ముందుగా పద్యం వచ్చింది. నాకు ప్రాణంలాంటి ఆ పద్యమే, ఆ గొంతే, కానీ నేను ఎన్నడూ వినని విధంగా పాడింది. చప్పట్లు. తర్వాత మైకు గరగరలాడింది.

'మన రెండో రాజుగారి పద్యానికి మెచ్చి, స్వయంగా వేదిక మీదికి వచ్చి పట్టు శాలువా కప్పుతున్నవారు, మన మొదటి రాజుగారు, ఈ సమాజానికి పోషకులు, శ్రీ...' అని, మా తాతగారి పేరు.

వన్స్ మోర్ కేకలు. మళ్ళీ అదే పద్యం. నా పద్యం.

ఒకే నాటకంలో రాజు వేషం ఇద్దరు కట్టటం నాకు తెలియని సంగతి కాదు. తెల్లవార్లూ సాగే నాటకాన్ని ఒక్క గొంతు మోయలేదు. సింహాసనం మీద ఉన్నంతసేపు ఒకరు, కాటిలోకి వచ్చాక ఇంకొకరు. నాటకానికి డబ్బు పెట్టిన పెద్దమనిషి మొదటి సగం కట్టి, కిరీటం, పట్టుబట్టలు, సభ సీను తను ఉంచుకునేవాడు. పద్యాలన్నీ రెండో సగంలోనే ఉంటాయి కనుక దానికి పాటగాణ్ణి పెట్టుకునేవాడు. ఉగాది సభలో పిల్లలకు ఈ పద్ధతి గురించి నేనే వివరించి చెప్పాను. మా తాతగారు ఆ ఇద్దరిలో ఎవరని మాత్రం నాకు ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. తాత రాజు వేషం కట్టేవారని మా నాన్న అన్న మాట నిజమే. ఆయన అబద్ధం చెప్పలేదు.

"రెండో రాజు మా ముత్తాత అంకుల్. అమ్మమ్మతో మాట్లాడతారా?"

నేను వద్దనేలోపే వీడియో కాల్ కలిసింది. తెల్లజుట్టు పెద్దావిడ ఫోన్‌లోకి తొంగి చూసింది.

"ఎవరూ, దొరగారి మనవడా? మొహం కాస్త దూరంగా పెట్టండి బాబూ, ముక్కు ఒక్కటే కనపడతంది... ఆఁ. ఆ ముక్కు దొరగారిదే."

ఆరోగ్యం ఎలా ఉందని అడిగాను.

"బానే ఉంది. పిల్ల మీద కోపంగా ఉన్నారంట?"

"ఆ పద్యం మా తాతగారు పాడారనుకున్నానండీ."

ఆవిడ నవ్వింది. వెక్కిరింపు కాదు. అది వెక్కిరింపయినా బాగుండేది.

"మీ తాతగారికి పాట రాదు బాబూ. వినటం మాత్రం ఆయనకొచ్చినట్టు ఎవరికీ రాదు. తన సీను అవగానే కిరీటం తీసేసి, రంగు కూడా కడుక్కోకుండా మా నాయన పద్యాల కోసం వచ్చి ముందు చాప మీద కూచునేవారు. ఆ రోజు శాలువా కప్పి, దిగకుండా మైకు పక్కనే నిలబడి వన్స్ మోర్ అని అరిచారు. జనం తర్వాత అందుకున్నారు. అంత మనిషికి పిట్టగొంతు. పిల్లలం మేం నవ్వలేక చచ్చాం. టేపులో ఉంది కదా, వినలేదా మీరు?"

అమ్మాయి నా వంక చూసింది. "అంకుల్ కాపీలో అది లేదు అమ్మమ్మా."

"అదేం?"

"గోల అనుకుని తీసేశానండీ," అన్నాను.

"పోన్లెండి, మా దాంట్లో ఉందిగా," అంది ఆవిడ.

ప్రెసిడెంట్ నన్ను కారు దాకా సాగనంపాడు. ఏమీ అనలేదు. ఏదైనా అంటే గట్టిగా జవాబు చెప్పి కాస్త తేరుకునేవాణ్ణి.

ఇంటికి వచ్చి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని యూనివర్సిటీకి రాయటానికి కూర్చున్నాను. విద్యార్థిని భవిష్యత్తును దృష్టిలో పెట్టుకుని, దయతో, ఈ ఫిర్యాదును ఉపసంహరించుకుంటున్నాను అని వచ్చింది. నా చేతికి అలవాటైన వాక్యం అదే. మా ఆవిడ భుజం మీంచి చదివింది.

"దయ ఎవరికి, ఎవరు చూపిస్తున్నారు?"

"ఏం రాయాలి మరి?"

"జరిగింది రాయండి. ఇంకా సింహాసనం దిగలేదా మీరు?"

కొట్టేసి మళ్ళీ రాశాను. ఆ గొంతు మా తాతగారిది కాదు, నాకు దాని మీద ఏ హక్కూ లేదు, ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. పంపబోతుంటే మా ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది. "అసలు ఫిర్యాదు ఎందుకు చేశారో?" అంది. ఆమె వీడియో మా పార్టీని వెక్కిరించింది కనుక ఫిర్యాదు చేశాను, ఇదే పద్యాన్ని మా వాళ్ళు వాడుకున్నప్పుడు సంతోషించాను అని కూడా చేర్చాను. ఇంగ్లీషులో అది చాలా చిన్న వాక్యం అయింది. హియరింగ్ అవసరం లేదని మంగళవారం ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. ఆ అమ్మాయి తన పేరు మీద ఏ మచ్చా లేకుండా బయటపడింది. నాకు థాంక్స్ చెప్పలేదు. చెప్పి ఉంటే నేను తట్టుకోలేకపోయేవాణ్ణి.

గ్రూపులో కూడా విషయం రాశాను. చాలామంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. మా పార్టీ మిత్రుడొకడు మాత్రం విడిగా ఫోన్ చేశాడు. "సర్, ప్రైవేట్‌గా సెటిల్ చేసుకుంటే పోయేది కదా. వాళ్ళకు అనవసరంగా పాయింట్ ఇచ్చాం," అన్నాడు. ఒక నెల ముందయితే నేనూ అదే అనేవాణ్ణి.

నేను పెట్టిన వీడియోను తీసేశాను. ఆ ఉగాదికి పద్యం ఎందుకు లేదని ఎవరూ అడగలేదు. సభలో ఆ జాగాలో పిల్లల డాన్సు పెట్టారు.

తర్వాత ఆ అమ్మాయి తన దగ్గరున్న టేపు మొత్తం నెట్‌లో పెట్టింది. పాడినవారు అని తన ముత్తాత పేరు రాసింది. దాని కింద, శాలువా కప్పినవారు అని మా తాతగారి పేరు, ముందు శ్రీ, వెనక గారు చేర్చి మరీ రాసింది. ఎవరూ అడగకుండానే రాసింది. అన్నిటికంటే కింద ఒక వాక్యం ఉంది. కాపీ కావలసినవారు నన్ను అడగండి, పంపుతాను అని.

విన్నాను. శాలువా కప్పినప్పటి చప్పట్లు తగ్గుతుండగా, జనం అందుకోకముందు, మైకుకు బాగా దగ్గరగా ఒక సన్నటి గొంతు. వన్స్ మోర్. అంతే. పద్యం మొదలయ్యేలోపు అయిపోతుంది. మా తాతగారి గొంతు ఈ లోకంలో ఎక్కడైనా ఉందంటే ఆ రెండు మాటల్లోనే ఉంది. నా కంప్యూటర్‌లో ఉన్న కాపీలో ఆ చోట నిశ్శబ్దం ఉంది. చాలా శుభ్రంగా ఉంది.

ఆ అమ్మాయి పెట్టిన టేపును సైట్‌లోంచి అడక్కుండా లాగేసుకోవటం నాకు చేతకాని పని కాదు. అందుకు సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, నా దగ్గరే రెండు ఉన్నాయి. ఈసారి అలా చేయను. ఆ అమ్మాయిని అడగాలి. 'అమ్మా' అని మొదలుపెట్టి రెండుసార్లు చెరిపేశాను.

ఇంకా అడగలేదు.